దిబ్బపాలెం ఊపిరి

"అడ్రసు చెప్పమ్మా," అన్నాడు జడ్సన్.

వినీల ఆలోచించలేదు. తొమ్మిదేళ్లుగా ఏ ఆఫీసులో అడిగినా చెప్పే మాటే చెప్పింది.

"దిబ్బపాలెం. కృష్ణపట్నం రోడ్డు."

"ఎన్నాళ్లుగా ఉంటున్నారు?"

"ఆయన పుట్టింది ఆడే. మేముండేదీ ఆడే."

జడ్సన్ రాసుకున్నాడు. నెల్లూరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో అతని పని అదే. మెదడు చచ్చిపోయిన మనిషి బంధువుల పక్కన కూర్చుని, అవయవాలు ఇస్తారా అని అడగడం, ఒప్పుకుంటే ఫారాలు నింపడం. చాలామంది తిడతారు. కొందరు కొట్టడానికి వస్తారు. ఈమె ఒక్క మాటకే ఒప్పుకుంది.

పోలేరయ్య సోమవారం పొద్దున్నే సంగం రోడ్డు మీద బర్రెను తప్పించబోయి మోటారుసైకిలు మీద నుంచి పడ్డాడు. వెనక కట్టిన యూరియా బస్తాకు చిల్లు కూడా పడలేదు. ఆయన తల పగిలింది. మంగళవారం సాయంత్రానికి డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి, మెదడు పోయిందని, మిషను ఆపితే ఊపిరి కూడా పోతుందని చెప్పారు. ఇది బుధవారం.

"ఊపిరితిత్తులు కూడా తీసుకుంటారు గదా సార్?" అని అడిగింది వినీల.

అందరూ గుండె గురించి అడుగుతారు, కళ్ల గురించి అడుగుతారు. ఈమె దీని గురించి ఎందుకు అడిగిందో జడ్సన్‌కు అర్థం కాలేదు. ఆమె చెప్పలేదు. చెప్పే విషయమూ కాదు. వాళ్లుండేది ఒకే గది. పదిహేడేళ్ల కూతురు బిందు గోడవారన పడుకుంటుంది, ఈవల వినీల, ఆమె వెనక ఆయన. రాత్రంతా ఆయన ఊపిరి ఆమె మెడ మీద పడుతూ ఉంటుంది. వెచ్చగా, ఏ వాసనా లేకుండా. బీడీ మానేసి కూడా ఆరేళ్లయింది. ఆ ఊపిరి తగలకపోతే ఆమెకు నిద్ర పట్టదు. సోమవారం నుంచీ పట్టలేదు.

అరగంటలో జడ్సన్ తిరిగొచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"మూత్రపిండాలు, కాలేయం, గుండె, కళ్లు తీసుకుంటారమ్మా. ఊపిరితిత్తులు వద్దన్నారు."

"చూడకుండానే?"

"చెన్నై డాక్టర్లు అడ్రసు చూశారు. దిబ్బపాలెం కరెంటు ఫ్యాక్టరీ బూడిద చెరువు పక్కనే ఉంది కదా. పదేళ్లు దాటి అక్కడున్న వాళ్లవి వాళ్లు ముట్టుకోరు."

వినీల చేతిసంచిలోంచి ఒక పచ్చకార్డు తీసింది. కరెంటు ఫ్యాక్టరీ వాళ్లు ఏటా దిబ్బపాలెంలో పెట్టే ఆరోగ్య శిబిరం కార్డు. పోలేరయ్య పేరుకు ఎదురుగా ప్రతి ఏడూ ఒకటే రాత, ఊపిరితిత్తులు బాగున్నాయి అని.

"ఇది పనికిరాదమ్మా," అన్నాడు జడ్సన్, చూసీ చూడకుండా.

అదీ లెక్క. ఊళ్లో పడి ఉండటానికి బాగున్న ఊపిరితిత్తులు, ఊరు దాటితే చెత్తబుట్టకు కూడా పనికిరావు. రెండూ చెప్పేది చదువుకున్న డాక్టర్లే.

పోలేరయ్య మంచం పక్కన డెబోరా ఉంది. నెల్లూరు పిల్లే, చెన్నై డాక్టర్ల దగ్గర పని. సూట్‌కేసంత మిషను ఒకటి పెట్టుకుని మూడు నెలలుగా ఈ ఆసుపత్రిలోనే ఉంటోంది. దాత వదిలిన ఊపిరిని సంచిలోకి పట్టి ఆ మిషనుకు తగిలిస్తే, అందులో ఏ వాయువులు ఎంతెంత ఉన్నాయో చెబుతుంది. లోపల వాపు ఉన్నా, చీము పట్టినా ఆ గాలిలో తేడా తెలుస్తుంది. మనిషి ముక్కుకు అందని తేడా.

"మిషను ఇక్కడే ఉండాది గదా మేడం," అంది వినీల. "అడ్రసు చూసి చెప్పేదానికి మిషనెందుకు?"

డెబోరా తల తిప్పుకోలేదు. "నిజమే అక్కా. కానీ ఇది ఈరోజు లోపల ఎట్లుందో చెప్తుంది. పదేళ్లు పీల్చిన బూడిద రేపు ఏం చేస్తుందో చెప్పలేదు. పెట్టించుకునే మనిషి కూడా మనిషే కదా. అందుకని ముందు అడ్రసు, తర్వాతే పరీక్ష."

వినీల మంచం ఇనుప కడ్డీ పట్టుకుంది. తర్వాత తొమ్మిదేళ్లలో ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మేము ఆడ లేము మేడం. తొమ్మిదేళ్లయింది ఇడిచిపెట్టి. అంతకుముందు కూడా ఆయన గూడూరులో నిమ్మకాయల మండీలో పనిచేస్తా ఆడే పడుకునేవోడు. ఇప్పుడు సంగంలో కౌలుకు చేసుకుంటాండాం."

"మరి దిబ్బపాలెం అని ఎందుకు రాయించారు?" అన్నాడు జడ్సన్.

ఎందుకంటే ఊరు ఎత్తేస్తాం, ఇంటికొక ఉద్యోగం, కొత్త కాలనీలో స్థలం అని ప్రభుత్వం చెప్పి పదకొండేళ్లయింది. ఇచ్చేదాకా అక్కడే కాపురం ఉండాలి. తలుపుకు తాళం కనబడితే జాబితాలో పేరు ఎగిరిపోతుంది. అన్నం మీద బూడిద, నీళ్ల మీద బూడిద. ఉండమన్న వాళ్లలో ఒక్కడూ అక్కడ ఒక్క పూట ఉండడు. జనం బతకడానికి వెళ్లిపోయారు. కార్డులు, ఓట్లు, గ్యాసుబండ మాత్రం దిబ్బపాలెంలో వదిలారు. ఒక్కో ఇంట్లో ఒక్కో ముసలి ప్రాణాన్ని కాపలా పెట్టారు. పోలేరయ్య ఇంటికి ఆయన తల్లి చెంచమ్మ కాపలా.

జడ్సన్ అంతా విన్నాడు. చెన్నైకి ఫోను చేసి బయటికి పోయి మాట్లాడాడు. తిరిగొచ్చి అన్నాడు, "కాయితం కావాలంటున్నారు. ఆయన అక్కడ ఉండటం లేదని ఎవరైనా రాసిచ్చింది. రేపు మధ్యాహ్నం దాకా ఆగుతారు. ఆపైన ఆగితే గుండె ఆగిపోయేటట్టు ఉంది, ఊపిరితిత్తులు వదిలేసి మిగతావి తీసేస్తారు."

*

సంగం బస్సులో వినీల కిటికీ పక్కన కూర్చుంది. బ్యారేజీ దాటగానే దిగి, పొలం గట్టున నడిచి నరేంద్రబాబు ఇంటికి వెళ్లింది. ఆయన పొలమే వాళ్లు చేసేది. నారుమడి పచ్చగా లేచి ఉంది. ఇంకో నాలుగు రోజుల్లో నాటు. కూలీలకు పోలేరయ్య మాట కూడా ఇచ్చి పెట్టాడు.

నరేంద్రబాబు మంచివాడే. ఆమెను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. భార్యను పిలిచి మజ్జిగ ఇప్పించాడు. కారు పంపిస్తానన్నాడు. నాటు తానే వేయిస్తానన్నాడు.

"ఒక్క కాయితం చాలు అన్నా. తొమ్మిదేళ్లుగా మీ పొలం చేస్తా ఈడే ఉండాడని."

ఆయన మజ్జిగ గ్లాసు వైపు చూశాడు. "కౌలు నోటిమాటే గదమ్మా మనది."

"నోటిమాటే. ఇప్పుడు రాయమంటాండా."

"రాస్తే రేపు నువ్వు రికార్డులో కౌలుదారువి. నువ్వు మంచిదానివే, కాదనను. మా తమ్ముళ్లు నన్ను బతకనిస్తారా? లాయరు చెప్పినాడు, ఎంత కావలసినవాళ్లయినా సంతకం పెట్టబాకు అని."

"ఊపిరితిత్తుల కోసం అన్నా. పొలం కోసం కాదు."

"నాకు తెలుసమ్మా. కాయితానికి తెలీదు గదా."

ఆమె లేచింది. గుమ్మం దాకా వచ్చి ఆయన మళ్లీ కారు మాట ఎత్తాడు. వినీల వద్దంది. సంగంలో ఆమె మొగుడు తొమ్మిది పంటలు తీశాడు, మూడు వరదలు చూశాడు, అందరి పెళ్లిళ్లకూ పందిళ్లు వేశాడు. కాయితం మీద మాత్రం అడుగు కూడా పెట్టలేదు.

*

సాయంత్రం ఆసుపత్రికి చెంచమ్మ వచ్చింది, పెద్దకొడుకు హజరత్తయ్యతో. వార్డు తలుపు దగ్గరి నుంచే దగ్గు వినిపించింది. చెంగులో ఉమ్మి, మడిచి, నడుముకు దోపుకుని లోపలికి వచ్చింది. కొడుకు ఛాతీ లేస్తూ దిగుతూ ఉంది.

"ఊపిరి ఆడతా ఉంటే చచ్చిపోయినాడంటారేందే?" అంది కోడలితో. "అందరికీ పిచ్చి పట్టిందా?"

"మిషను అత్తా."

"నా బిడ్డ ఊపిరి నాకు తెలీదా? పక్కకు జరుగుమే."

ఆమె అరచెయ్యి కొడుకు ముక్కు దగ్గర పెట్టింది. ఏమీ తగల్లేదు. నోటి దగ్గర పెట్టింది. అక్కడా గొట్టం. ఆమె ముఖం మారిపోయింది. మూలనున్న డెబోరా లేచి వచ్చి, ఆ చేతిని మెల్లగా పట్టుకుని గొట్టం చివర, మిషను పక్కన, గాలి బయటికి వచ్చే చోట పెట్టింది.

"ఇక్కడొస్తుంది పెద్దమ్మా."

చెంచమ్మ అట్లాగే నిలబడింది. ఆరేడు ఊపిర్ల దాకా.

"వెచ్చగుండాది," అంది.

బయట వరండాలో హజరత్తయ్య వినీలను నిలదీశాడు. ఆయన ఊరి కమిటీ పెద్ద. పదకొండేళ్లుగా కలెక్టరాఫీసు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. రెండుసార్లు జైలుకు కూడా పోయి వచ్చాడు.

"కాయితం కోసం తిరగతాండావంట?"

"అవును బావా."

"రేపు ఏం రోజో తెలుసా నీకు? ఊళ్లో ఎవురుండారో చూసే ఆఖరి సర్వే. ఇక దీని తర్వాత లేదు. పొద్దున తొమ్మిదికి బిందును తీసుకుని వచ్చి పొయ్యి ముట్టించు. గంట పని. మళ్లీ వచ్చి మొగుడి దగ్గర కూర్చో, ఎవురొద్దన్నారు?"

"వాళ్లు మధ్యాహ్నం దాకానే ఆగుతారంట."

"ఆగితే ఏంది, ఆగకుంటే ఏంది? వాడింక రాడు వినీలా!" తమ్ముడిని భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి. ముక్కు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "బిందు ఐటీఐ చేస్తాంది. ఆ ఉద్యోగం దానిది. తండ్రి లేని పిల్లకు అది కూడా లేకుండా చేస్తావా? ఒక్క ఇంట్లో మనుషులు లేరని రాసినారంటే, పక్క ఇళ్లల్లో కూడా దూరతారు. నూట నలభై గడపలు మే. అన్నీ నీ మాదిరివే."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఊపిరి నిలబెట్టుకుందామంటే కూతురి అన్నం పోతుంది. వినీల ఇంటి దగ్గరున్న బిందుకు ఫోను చేసింది. పిల్ల అంతా విని, "నాన్న ఏమనేవోడో నువ్వే చెప్పు," అంది. ఆయన ఏమనేవాడో వినీలకు తెలియదు. ఇట్లాంటివి వాళ్లు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నారు గురించి, నీటి వంతు గురించి మాట్లాడుకున్నారు.

*

గురువారం పొద్దున మొదటి బస్సుకే వినీల ఒక్కతే దిబ్బపాలెంలో దిగింది. పొయ్యి ముట్టించడానికి వచ్చిందో, మాట చెప్పడానికి వచ్చిందో ఆమెకే తెలియదు.

ఊరు జాతరలాగా ఉంది. ఏడాది పొడుగునా తలుపులు మూసి ఉండే వీధిలో ప్రతి ఇంటి ముందూ ముగ్గు. దండేల మీద తడి చీరలు. ఉతికినవి కావు, ఉత్తినే తడిపి ఆరేసినవి. గూడూరు నుంచి వచ్చిన గురవమ్మ కట్టెల పొయ్యి మరిచిపోయి కళ్లనీళ్లు కారుస్తూ ఊదుతోంది. చెన్నై నుంచి వచ్చిన ఓబులేసు అద్దె మేకను గుంజకు కట్టేస్తున్నాడు.

"ఈ మేక పోయిన సర్వేలో మా ఇంట్లో ఉన్నింది గదరా!" అని అరిచింది గురవమ్మ.

"నీకాడ తిండి చాలక మా ఇంటికి కాపురమొచ్చిందిలే అక్కా!"

నవ్వుకున్నారు. వినీల కనబడగానే నవ్వు ఆగిపోయింది. దారి ఇచ్చారు. ఒకరిద్దరు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. చెప్పాపెట్టకుండా దారి మీద బూడిద గాలి లేచింది. అందరూ ఒక్కసారిగా కొంగులు, తువ్వాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకుని, గాలి పోయాక మళ్లీ పనిలో పడ్డారు.

చెంచమ్మ ఇంటి ముందు ముగ్గు ఉంది. పొయ్యిలో చితుకులు పేర్చి ఉన్నాయి. మీద ఎసటి గిన్నె, లోపల నీళ్లు, పక్కనే అగ్గిపెట్టె. ఆమె పీట మీద కూర్చుని ఉంది.

"కాఫీ తాగినావా?"

"లేదత్తా."

"రాత్రి ఉన్నావా వాడికాడ?"

"ఉన్నా."

చెంచమ్మ అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. మూత లాగింది, మూసింది. "ఆ పిల్ల నాకు చూపించిందే, గాలొచ్చే కాడ. అది ఎవురికో పెడితే, వాళ్ల ముక్కులో నుంచి వస్తుందా?"

"వస్తుందంట."

"వెచ్చగానే?"

వినీల తల ఊపింది.

"ఈ ఊరి పేరు చెప్పినందుకే గదా వద్దన్నారు."

"అవునత్తా."

వీధి మొదట్లో జీపు ఆగింది. హజరత్తయ్య ముందు నడుస్తున్నాడు, వెనక సర్వే సారు, చేతిలో ట్యాబు, పక్కన ఇద్దరు. ఒక్కో ఇంటి ముందూ ఆగి ఫొటో తీస్తున్నారు. పొయ్యి, పొగ, మనుషులు, మేక. హజరత్తయ్య దూరం నుంచే వినీలను చూసి, వచ్చిందిలే అన్నట్టు ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత పొయ్యి వైపు చూశాడు. పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ముట్టించలేదేంది? అమ్మా, అగ్గిపెట్టె ఇట్లియ్యి."

చెంచమ్మ ఇవ్వలేదు. వంగి, పొయ్యిలోంచి చితుకులు ఒక్కోటే బయటికి తీసి పక్కన పెట్టింది. ఆఖరి పుల్ల కూడా తీసి, చేతులు దులుపుకుని లేచి నిలబడింది. సర్వే సారు అప్పటికి గడప ముందు ఉన్నాడు.

"పోలేరయ్య ఇల్లు ఇదేనా? ఎంతమంది ఉంటారు?"

"నేనొక్కదాన్నే సామీ. నా కొడుకు ఈడ లేడు. తొమ్మిదేళ్లయింది పోయి. సంగంలో సేద్యం చేస్తాడు."

హజరత్తయ్య తల పట్టుకున్నాడు. "కొడుకు ఆసుపత్రిలో ఉండాడు సార్, ముసలిదానికి మతి..."

"నా మతి బాగానే ఉండాది. నువ్వు రాసుకో సామీ. కొడుకు, కోడలు, మనవరాలు, ఎవురూ ఈడ లేరు. రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి నా చేతికియ్యి."

సర్వే సారు ట్యాబు దించాడు. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆయన, ఊళ్లోనే ఉన్నామని రాయమని కాళ్లు పట్టుకున్న వాళ్లను చూశాడు. లేమని రాసివ్వమన్న మనిషిని చూడలేదు.

"అట్లా రాస్తే జాబితాలో పేరు పోతుందమ్మా. ఇల్లు నీ కొడుకు పేరు మీదుంది. నీ పేరు కూడా పోతుంది."

"పోనీ."

"ఆలోచించుకో."

"తొమ్మిదేళ్లు ఈ గుమ్మంలో కూర్చుని అదే చేసినా." ఆమెకు దగ్గు వచ్చింది. పొట్ట పట్టుకుని దగ్గి, చెంగులో ఉమ్మింది. "రాయి సామీ. బస్సు పోతుంది."

ఆయన కళ్లు పక్క ఇళ్ల పొగల మీదికి పోయాయి. వీధంతా కదలకుండా చూస్తోంది. గురవమ్మ చేతిలో ఊదుగొట్టం అట్లాగే ఉండిపోయింది.

"మిగతా వాళ్లు?" అన్నాడు.

"వాళ్ల సంగతి నాకు తెలీదు. నా కొడుకు సంగతి అడుగు, చెప్తా."

ఆయన వీధి మొదట్లో ఉన్న జీపు దాకా నడిచి వెళ్లాడు. బానెట్ మీద కాయితం పెట్టి రాసి, ముద్ర కొట్టి తెచ్చి చెంచమ్మ చేతికిచ్చాడు. ఇంకేమీ అడక్కుండా పక్కింటికి పోయి, మేకతో సహా ఫొటో తీసుకున్నాడు.

హజరత్తయ్య వినీల మొహం చూడలేదు. కానీ మోటారుసైకిలు తెచ్చింది ఆయనే. తల్లినీ మరదలినీ ఎక్కించుకుని నెల్లూరు దాకా ఎక్కడా ఆపకుండా తోలాడు.

*

జడ్సన్ ఆ కాయితాన్ని ఫోనులో ఫొటో తీసి చెన్నైకి పంపాడు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. డెబోరా చేతులు కడుక్కుంది.

గొట్టానికీ ఊపిరి మిషనుకూ మధ్య, తిప్పితే గాలి దారి మారే చిన్న మూడు దారుల బిరడా బిగించింది. బిరడా రెండో నోటికి మడతలు పడిన ప్లాస్టిక్ సంచి. పోలేరయ్య ఛాతీ దిగినప్పుడల్లా బిరడా తిప్పుతోంది, లేచినప్పుడు మూస్తోంది. సంచి మడతలు ఒక్కోటే విడిపోతున్నాయి. వినీల లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. పదకొండు. పదకొండు ఊపిర్లకు సంచి నిండింది. అంత తేలికైన వస్తువును డెబోరా రెండు చేతులతో పట్టుకుని సూట్‌కేసు మిషనుకు తగిలించింది. తెర మీద గీతలు లేచాయి, పడ్డాయి.

ఇరవై నిమిషాలు. చెంచమ్మ ఈసారి ఎవరూ చూపించకుండానే గొట్టం చివర అరచెయ్యి పెట్టుకుని నిలబడింది.

"వాపు లేదు," అంది డెబోరా. "చీము లేదు." తెర వదిలి చెంచమ్మ వైపు తిరిగి అంది, "చాలా బాగున్నాయి పెద్దమ్మా."

తర్వాత చెన్నై డాక్టర్లు వచ్చారు. కెమెరా గొట్టంతో లోపల చూశారు, రక్తం తీసి చూశారు. మిషను చెప్పిందే వాళ్లూ చెప్పారు. మంచం కదిలేముందు వినీల కిందికి వంగి, మెడ పక్కకు తిప్పి, ఆ గొట్టం చివర కాసేపు పెట్టుకుంది. నర్సులు చూశారు. మంచం చక్రాలు కదిలాయి.

శుక్రవారం పొద్దున పోస్టుమార్టం గది ముందు వాళ్లు ముగ్గురూ శవం కోసం కూర్చుని ఉన్నారు. హజరత్తయ్య ఒక మూల, అత్తాకోడళ్లు ఒక మూల. సంగం నుంచి వచ్చిన బిందు టీ తెచ్చి పెదనాన్నకు ముందు ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు.

డెబోరా వెతుక్కుంటూ వచ్చింది. నిద్ర లేని కళ్లు.

"పెట్టారు పెద్దమ్మా. గాలి తీసుకుంటున్నాయి."

వినీల కళ్లు మూసుకుంది. చెంచమ్మ ముందుకు వంగింది.

"ఆడమనిషా, మొగోడా?"

"చెప్పకూడదు. రూలు."

"ఏ ఊరో అయినా చెప్పు తల్లీ."

"అది అసలు చెప్పకూడదు పెద్దమ్మా. ఉద్యోగం పోతుంది."

చెంచమ్మ డెబోరా ముంజెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"ఊరు పేరు చెప్పబాకులే. ఆడ బూడిద పడతాదా, పడదా? అదొక్కటి చెప్పు."